కూలివాని రుసుముతో రాయబారము

రాయబారి యనగా విందులకు బోయి వచ్చువాడు గాడు. కౌటిల్యుడు తన అర్థశాస్త్రమున దూతలను మూడు తరగతులుగా విభజించి, సంపూర్ణాధికారము గలవానిని నిసృష్టార్థుడనియు, కొలదిపాటి అధికారము గలవానిని పరిమితార్థుడనియు, రాజు వ్రాసియిచ్చిన పత్రమును గొనిపోవువానిని శాసనహరుడనియు పేర్కొనెను. ఈ మువ్వురికిని సామాన్యమైన ధర్మమొక్కటి కలదు: పంపినవారి పక్షమున పలుకుట. తెలుగువారిలో అర్థశాస్త్రము నెరుగనివారుందురు గాని శ్రీకృష్ణ రాయబారము నెరుగనివారుండరు. అరణ్యవాసమును అజ్ఞాతవాసమును ముగించి దిక్కుమాలి నిలిచినవారి కొరకు, అయిదూళ్లైన నిమ్మని యడుగుటకు హస్తిన కేగిన ఆ మహారాయబారి, బయలుదేరుటకు ముందు వారియొద్ద రుసుము గైకొనెనని యే కథయందును లేదు.

నేడు మన దేశము పక్షమున పరదేశములందు వెలసిన రాయబార కార్యాలయములలో జరుగుచున్న దేమి? ఆపదలో జిక్కిన కూలివానికి అన్నము పెట్టుటకును, విమానపు టిక్కెట్టు కొనుటకును, మృతదేహమును స్వగ్రామమునకు బంపుటకును వలసిన సొమ్ము దేశపు బొక్కసమునుండి వచ్చుట లేదు. అట్టి కూలివారే ఆ కార్యాలయపు కిటికీలయొద్ద చెల్లించు రుసుములనుండి ప్రధానముగా వచ్చుచున్నది. ఇది న్యాయము కాదని మా వాదము. పార్లమెంటు చట్టము చేసి దీనిని మాన్పవలెనని మా కోరిక.

మేము వ్రాయుచున్న చందుర్తి 2016 వరకు కరీంనగరు జిల్లాలోనిది. ఆ తరువాత రాజన్న సిరిసిల్ల జిల్లాలోనికి వచ్చినది. ఉత్తరమున జగిత్యాల, కోరుట్ల, దక్షిణమున సిరిసిల్ల. ఈ ప్రాంతమున బావులెండిన రైతును, మగ్గమాగిన నేతకాడును గత అర్ధశతాబ్దముగా ఎడారిదేశములవైపు చూచుచున్నారు. దుబాయి, మస్కటు, సౌదీ, కువాయితు అను పేర్లు మా పల్లెలలో వేములవాడ పేరువలె నిత్యవ్యవహారమున నున్నవి. కఫీలు, అకామా, ఆజాదు వీసా, ఖల్లివెల్లి, ఔటుపాసు అను మాటలు నిఘంటువులలో లేకపోవచ్చును; మా బడి పిల్లలకు మాత్రము వీని యర్థము పాఠ్యపుస్తకములోని మాటలకన్న బాగుగా తెలియును. తండ్రి పంపిన సొమ్ముతో చదువుకొను పిల్లలును, తండ్రి చేసిన యప్పు దీరక చదువు మానిన పిల్లలును ఒకే బల్లపై గూర్చుండుట మేము ప్రతియేటను చూచుచున్నాము. బీడీలు చుట్టుచు వడ్డీలు కట్టుకొను ఇల్లాండ్రు, భర్త పాసుపోర్టు నకలును చేతబట్టుకొని, అర్జీ వ్రాసిపెట్టుడని మాబోటి ఉపాధ్యాయులను వేడుకొనుచుందురు. ఆ యర్జీలన్నియు తుదకు చేరవలసిన తావొక్కటే: ఆ దేశములోని భారత రాయబార కార్యాలయము.

ఇంటియొద్ద నున్నవారికి రాయబార కార్యాలయమనిన జెండా యెగురు మేడ యని తోచును. యజమాని చేతిలో పాసుపోర్టు చిక్కినవానికి అది ఠాణా, న్యాయస్థానము, ధర్మసత్రము, తల్లియిల్లు కూడ. జీతము రానప్పుడు ఫిర్యాదు చేయవలసినదక్కడ. కాగితములు పోయి దేశమునకు మరలవలెనన్న ఔటుపాసు గైకొనవలసినదక్కడ. కారాగారమున బడినచో చూడవచ్చువాడక్కడివాడే. మరణించినచో మృతదేహము కదలుటకు వలయు పత్రమిచ్చువాడును అక్కడివాడే. ఇది మా కల్పన కాదు. 1963లో వియన్నాలో కుదిరిన కాన్సులరు సంబంధముల ఒడంబడికయందలి 5వ అధికరణము స్వదేశీయులకు సాయపడుటను కాన్సులు విధులలో జేర్చినది; 36వ అధికరణము నిర్బంధింపబడినవాడు తన కాన్సులుతో మాటలాడుటకు హక్కు గలదనుచున్నది. విధి యున్నది, హక్కున్నది. ఆ విధిని నెరవేర్చుటకు సొమ్ము ఎవరు పెట్టవలెనన్నదే ప్రశ్న.

2009లో కేంద్రప్రభుత్వము భారతీయ సమాజ సంక్షేమ నిధి యను దానిని స్థాపించినది. దిక్కులేనివారికి వసతి, భోజనము, అత్యవసర వైద్యము, న్యాయసహాయము, స్వదేశప్రయాణము, మృతదేహముల తరలింపు, ఇవన్నియు దాని పరిధిలోనివి. 2017 సెప్టెంబరు 1వ తేదీనుండి సవరించిన నియమములు దాని పరిధిని మరికొంత విస్తరింపజేసినవి. ఆ నిధివలన ఎందరో యిల్లు చేరిరి. ఆ మేలును మేము కాదనుట లేదు. కాని ఆ నిధి చట్టమువలన బుట్టినది కాదు. ప్రభుత్వ నిర్ణయమువలన బుట్టినది. పాసుపోర్టు, వీసా మొదలగు సేవలపై అదనముగా వసూలు చేయు రుసుము దానికి ముఖ్యాధారము. దాతలిచ్చు విరాళములు దానికి తోడు. ఆ రుసుము నిచ్చువారిలో ధనికులును లేకపోలేదు. అయినను గల్ఫు దేశములలో ఆ కిటికీలముందు వరుసదీరి నిలుచువారిలో అధికసంఖ్యాకులు చెమటోడ్చు శ్రామికులే. అనగా ఒక కూలివాని ఆపదకు వేరొక కూలివాడు ముందుగానే వెల చెల్లించుచున్నాడు. ప్రభుత్వము నడుమనుండి ఆ సొమ్మును పంచి పుణ్యము గట్టుకొనుచున్నది. ఊరి చందాలతో నడచు సత్రముపై జమీందారుగారి పేరు చెక్కినట్లున్నది ఈ వ్యవహారము!

ఇంకొకటి. ఆ నిధినుండి సాయము హక్కుగా లభించునది కాదు. అడిగినవాని స్థితిగతులను విచారించి, మిక్కిలి అర్హుడని తోచినచో అధికారి మంజూరు చేయవలెను. పాసుపోర్టు లేదు, చేత పైకము లేదు, అచ్చటి భాష రాదు. అట్టివాడు తాను బీదవాడనని రుజువు చేసికొనవలెనట! సలాలాలో పనిచేయువాడు మస్కటు చేరవలెనన్న దాదాపు 1000 కిలోమీటర్ల దారి. సౌదీ ఉత్తరమున తబూకులో నున్నవానికి జెద్దా కాన్సులేటు ఇంచుమించు అంతే దూరము. అధికారులు అప్పుడప్పుడు దూరపు పట్టణములకు బోయి శిబిరములు పెట్టుదురు. దుబాయి, షార్జా, రియాదు, జెద్దా, కౌలాలంపూరు నగరములందు సహాయక కేంద్రములు నెలకొల్పిరి. మంచిదే. కాని ఆపద శిబిరము తేదీని చూచి రాదు.

మన శాసనగ్రంథమును తిరుగవేసినచో చిత్రమైన సంగతి యొకటి కనబడును. స్వాతంత్ర్యము వచ్చిన మరుసటి యేడే, 1948లో, మన రాయబారుల గూర్చి ఒక చట్టము చేసికొంటిమి. దాని పేరే దౌత్య, కాన్సులరు అధికారుల ప్రమాణములు, రుసుముల చట్టము. 1972లో చేసిన మరియొక చట్టము పరదేశపు రాయబారులకు మన దేశమున గల మినహాయింపులను గూర్చినది. 1983నాటి ప్రవాసచట్టము పోవువానిపై ఆంక్షలు పెట్టి, పదవ తరగతి దాటనివాడు గల్ఫు మొదలగు దేశములకు పోవలెనన్న ముందుగా అనుమతి పొందవలెనన్నది. పని కుదుర్చు ఏజెంట్లకు లైసెన్సు లేర్పరచినది. కావున రుసుము వసూలు చేయుటకు చట్టమున్నది, పోవువానిని ద్వారముకడ ఆపుటకు చట్టమున్నది, విదేశీ దొరల మర్యాదకు చట్టమున్నది. పోయినవాడు పడిపోయినపుడు లేవనెత్తుటకు ఇంత సొమ్ము విధిగా నుండవలెనను చట్టము మాత్రము లేదు.

పూర్వమేమి జరిగినదో చూతము. ఆంగ్లేయుల కాలమున మన తెలుగు, తమిళ కూలీలు మలయా రబ్బరు తోటలకు బోవుచుండిరి. అచ్చట 1907లో కూలీల వలసకై ఒక నిధి నేర్పరచి, ఎందరు కూలీలను పనికి బెట్టుకొనిరో లెక్కించి తోటల యజమానులయొద్దనే ఆ పన్ను వసూలు చేసిరి. కూలీల ప్రయాణవ్యయమును, కొందరిని తిరిగి పంపు వ్యయమును అందుండి భరించిరి. ఇది తెల్లదొరల దయాధర్మమని మేము భ్రమపడుట లేదు. చౌకగా కూలీలు దొరకుటకై పన్నిన యేర్పాటది. అయినను లాభము పొందువాడే వెల యీయవలెనను సూత్రము దానియందున్నది. నేడు ఆ సూత్రమును తలక్రిందులు చేసితిమి. పరాయి దొరతనమువారు యజమానియొద్ద గైకొన్నదానిని స్వరాజ్యమువారు కూలివానియొద్ద గైకొనుట ఏ న్యాయము?

1922నాటి ప్రవాసచట్టము ప్రకారము సింహళమునను మలయాలోను భారత ప్రభుత్వపు ఏజెంటులు నియమింపబడి కూలీల స్థితిగతులను కనిపెట్టుచుండిరి. దక్షిణాఫ్రికాలో శ్రీనివాసశాస్త్రిగారు 1927 మొదలు ఏజెంటుగా నుండగా, వారి తరువాత మన తెలుగువారు కూర్మా వెంకటరెడ్డినాయుడుగారు 1929నుండి 1932వరకు ఆ పదవి నలంకరించిరి. పరతంత్రులమైన దినములలోనే, పరదేశమున నున్న మనవారిని చూచుటకు ప్రత్యేకముగా నొక మనిషి యుండవలెనని మన పెద్దలు పట్టుబట్టిరి. స్వతంత్రులమైన పిమ్మట ఆ పట్టుదల సడలవలసిన కారణము మాకు గానరాదు.

ఇతర దేశములవారి నడవడి యెట్లున్నదో చూచుటకు మనము సముద్రములు దాటనక్కరలేదు. హైదరాబాదు నానక్‌రాంగూడలో అమెరికా కాన్సులేటును చూచిన చాలును. 2008లో బేగంపేట పైగా ప్యాలెసులో నెలకొన్న ఆ కార్యాలయము 2023 మార్చిలో 34 కోట్ల డాలర్లతో గట్టిన క్రొత్త భవనములోనికి మారినది. 1998 ఆగస్టులో నైరోబీ, దారెస్సలాము నగరములందలి తమ రాయబార కార్యాలయములు బాంబులకు గురియై 224 మంది మరణింపగా, అమెరికా శాసనసభ 1999లో ప్రత్యేకముగా చట్టము చేసి, రాయబార భవనము వీధికి ఎంత యెడమున నుండవలెనో కూడ నిర్ణయించినది. ఆ యాడంబరమును మేము మెచ్చుకొనుటలేదు. తమవారి ప్రాణము లెక్కకు వచ్చినపుడు శాసనసభ కూర్చుండి చట్టము చేయుననుటకు అది తార్కాణము. మన చదువుకొన్న కుటుంబములు నానక్‌రాంగూడ కిటికీల సంగతి, తారీకుల సంగతి దినదినమును చర్చించుచున్నవి. రియాదులోని మన కిటికీల సంగతి యడిగినచో మౌనము వహించుచున్నవి. ఒకే ఊరినుండి ఒకడు అమెరికాకును, ఒకడు సౌదీకిని పోయినచో మొదటివాడు ఊరికి కీర్తియట. రెండవవాడు వాని ఖర్మయట!

అమెరికా ధనికదేశము, దానితో మనకు పోలికయేల యందురేని, ఫిలిప్పీన్సును చూడుడు. 1995 మార్చిలో సింగపూరులో ఫ్లోర్ కాంటెంప్లాసియన్ అను ఫిలిపీనా పనికత్తెకు ఉరిశిక్ష అమలుజరిగినది. తమ ప్రభుత్వము ఆమెకు చాలినంత సాయము చేయలేదని ఆ దేశప్రజ మండిపడెను. కొలది నెలలలోనే, అదే 1995లో, అచ్చటి శాసనసభ వలస శ్రామికుల చట్టమును జేసినది. 20,000 మంది శ్రామికులున్న ప్రతి దేశమునను రాయబార కార్యాలయపు ఆవరణలోనే, సెలవుదినములందు సైతము రేయింబవళ్లు తెరచియుండు సహాయకేంద్రము నుండవలెనని ఆ చట్టము విధించినది. న్యాయసహాయమునకు పదికోట్ల పెసోల నిధిని నెలకొల్పి, అందులో అధికభాగమును ప్రభుత్వ నిధులనుండియే యిచ్చినది. వారును శ్రామికసంక్షేమమునకు చందా గైకొందురు. ఏజెంట్ల మోసములు అచ్చటను మాయలేదు. కాని రాయబార కార్యాలయమునకు ఏమి విధియో, దానికి సొమ్మెక్కడనుండి రావలెనో వారు శాసనమున వ్రాసికొనిరి. మనము అధికారుల సద్బుద్ధికి విడిచితిమి.

సద్బుద్ధి యెంతదూరము పోగలదో సిరిసిల్ల ప్రాంతము వారికి తెలియును. నేపాలు దేశీయుడైన కావలివాని మరణమునకు సంబంధించిన కేసులో దుబాయి కారాగారమున బడిన ఈ ప్రాంతపు కార్మికులైదుగురు సుమారు 18 సంవత్సరములకు ఇల్లు చేరిరి. మృతుని కుటుంబమునకు నేపాలులో 15 లక్షల రూపాయలు చేర్చినవారు సిరిసిల్ల శాసనసభ్యులు కె. తారకరామారావుగారు. వారి ప్రయత్నము ప్రశంసార్హమే. కాని మా ప్రశ్న వేరు. పలుకుబడి గల శాసనసభ్యుడు పూనుకొనని ఊరివాడు ఏమి కావలెను? ఆ కార్మికులు పోవునాటికి చంకనున్న బిడ్డలు వారు వచ్చునాటికి సంసారులై యుందురు. అంతటి కాలహరణమును తగ్గింపగల న్యాయవాదిని మొదటి నెలలోనే, తెలుగు తెలిసిన దుబాసీతోగూడ, నియమించు విధి రాయబార కార్యాలయమునకు ఉండవలదా?

రాష్ట్రప్రభుత్వము చేయరాదా యని కొందరందురు. గల్ఫులో మరణించిన కార్మికుని కుటుంబమునకు 5 లక్షల రూపాయలిచ్చుటకు తెలంగాణ ప్రభుత్వము 2024 సెప్టెంబరులో ఉత్తరువు చేసినది. అది కన్నీరు తుడుచుట. కన్నీరు రాకుండ జేయుట కాదు. రాజ్యాంగము ఏడవ షెడ్యూలులో కేంద్రజాబితా 11వ పద్దు దౌత్యమును, 19వ పద్దు ప్రవాసమును కేంద్రమునకే యొసగినవి. తెలంగాణకు మస్కటులో కార్యాలయము పెట్టు అధికారము లేదు. అధికారమెవరిదో భారము వారిదే.

కూలీలు తమ యిష్టముతో పోయిరి, వారికై దేశమంతయు ఏల పన్ను కట్టవలెనని మరికొందరి వాదము. వారు పంపు సొమ్మును మాత్రము దేశమంతయు ఏల అనుభవించుచున్నది? ప్రపంచబ్యాంకు లెక్క ప్రకారము 2024లో ప్రవాసులు భారతదేశమునకు బంపిన ధనము సుమారు 12,900 కోట్ల డాలర్లు. ఏ యితర దేశమునకును అంత రాలేదు. అందులో వైద్యుల సొమ్ము, ఇంజనీర్ల సొమ్ము నున్నది. తాపీపనివాని సొమ్ము, గొర్లకాపరి సొమ్ము కూడ నున్నది. ఆదాయమును జాతీయమని ఎంచి, ఆపదను వ్యక్తిగతమని త్రోసివేయుట వర్తకులకైనను తగని లెక్క.

విజిటు వీసాపై దొంగదారిని పోయినవాని నేల రక్షింపవలెనని ఇంకొక యాక్షేపణ. కఫీలును విడిచి ఖల్లివెల్లియైనవాడు తప్పు చేసెననియే యనుకొందము. వాడట్లు చేయుటకు కారణము జీతమీయని యజమానియా, మోసగించిన ఏజెంటా యని విచారించుటకైనను ఎవరో యొకరు వానిని కలిసికొనవలెను గదా! బావిలో బడినవానిని ముందు పైకి దీసి, పిదప మందలించుట లోకాచారము. 2018లోను 2024లోను ఎమిరేట్సు ప్రభుత్వమే క్షమాభిక్ష ప్రకటించి, కాగితములు లేనివారిని శిక్ష లేకుండ పోనిచ్చినది. పరదేశపు ప్రభువు క్షమింపగా స్వదేశపు బుద్ధిమంతులు క్షమింపకుండుట వింతగానున్నది.

1983 చట్టమునకు బదులుగా క్రొత్త చట్టము రావలెనని కేంద్రప్రభుత్వమే 2021లోను, మరల 2025లోను ముసాయిదాలను ప్రకటించి ప్రజాభిప్రాయమును కోరినది. ఏ చట్టము వచ్చినను అందు రాయబార కార్యాలయముల సాయమును గూర్చి ప్రత్యేకాధ్యాయ ముండవలెనని మేము కోరుచున్నాము. మొదటిది, ఆపదలోనున్న శ్రామికునికి వసతి, న్యాయవాది, దుబాసీ, స్వదేశప్రయాణము హక్కులని అందు స్పష్టముగా వ్రాయవలెను. రెండవది, అందులకగు వ్యయమును భారత సంచితనిధిపై విధించవలెను. న్యాయమూర్తుల వేతనములవలె ఏటేట ఓటుతో నిమిత్తము లేక చెల్లింపవలసిన వ్యయములను 112వ అధికరణము పేర్కొనుచు, పార్లమెంటు చట్టముచేత మరికొన్నిటిని చేర్చుటకు వీలు కల్పించినది. ఆ వీలును కూలివానికై ఒక్కసారి వాడుకొనుడని మా ప్రార్థన. మూడవది, రుసుము కావలెనన్న యజమానియొద్ద, పని ఒప్పందమును ధ్రువపరచునపుడు గైకొనుడు. దానిని కూలివాని జీతమునుండి కోసిన యజమానికి మరల మనవారిని పంపకుడు. నాలుగవది, శ్రామికులు గుమిగూడిన దూరపు పట్టణములందు శిబిరములు గాక స్థిరమైన కార్యాలయము లుండవలెను. అయిదవది, ఏ దేశమున ఎంత వ్యయమైనదో, ఎన్ని యర్జీలు వచ్చినవో, ఎన్ని తీరినవో ప్రతియేట పార్లమెంటు ముందుంచవలెను. పాండవులడిగిన అయిదూళ్లవలె ఇవియును అయిదే. రాజ్యములో సగము మేమడుగుట లేదు.

పాఠకమహాశయులారా! స్త్రీవిద్య యనిన ముందుకు వచ్చు మీరు, కట్నములు మాన్పవలెనన్న సభలు చేయు మీరు, దీనిని పరదేశపు వ్యవహారమని ప్రక్కకు నెట్టవలదు. భర్త సౌదీ చెరలోనుండగా ఇంటివద్ద వడ్డీకి నలుగు స్త్రీ దుఃఖమును, బడి మానిన ఆమె కొమార్తె చదువును ఈ చట్టముతో ముడిపడియే యున్నవి. చందుర్తి, సిరిసిల్ల కరీంనగరు లోక్‌సభ నియోజకవర్గమునను, జగిత్యాల, కోరుట్ల నిజామాబాదు నియోజకవర్గమునను గలవు. వోటుకై వచ్చువారిని రోడ్డు వేయుదురా యని యడుగుచున్నాము, మంచిదే. ఈ అధ్యాయమును చట్టమున చేర్చుటకు నోరు విప్పుదురా యని కూడ అడుగవలెను. అర్జీ వ్రాయ రాని పొరుగింటి యిల్లాలికి అర్జీ వ్రాసిపెట్టుట పుణ్యకార్యము. ఆ యర్జీని చదివి తీర్చుటకు సముద్రమునకావల ఒకడు విధిగా కూర్చుండునట్లు చేయుట పౌరధర్మము. మొదటిదానిని చేయుచు రెండవదానిని మరచినచో మనము వ్రాసిన కాగితములు పెరుగుచుండును, వచ్చు పెట్టెలును పెరుగుచుండును.